చెరువు ఎండ్రకాయ: పంచాయతీలు తెలిసికొనవలసిన సంగతులు

చేపల ఉత్పత్తిలో మన రాష్ట్రము దేశమున మొదటి స్థానమున నున్నది. పీతల వ్యాపారమనగానే మనకు కాకినాడ తీరము, కృష్ణా గోదావరుల ముఖద్వారములందలి మడ అడవులు, అచ్చట పట్టి ప్రాణముతోనే దూరదేశములకు పంపు మండపీత జ్ఞాపకము వచ్చును. సముద్రమునకు దూరముగ నున్న కర్నూలు, కడప సీమలకు ఈ వ్యాపారముతో పని లేదని తలచుట సహజము. అయినను వాన కురిసిన మరునాడు చెరువుకట్ట వెంబడి నడచినవారికి, కె. సి. కాలువ క్రింది వరిమడి గట్లను చూచినవారికి అక్కడక్కడ గుండ్రని బొరియలు కనబడును. కోస్తావారు పీత యనుదానిని మనవారు ఎండ్రకాయ యందురు. ఆ బొరియలలో నుండునది అదియే.

ఈ ఎండ్రకాయను తినువారు కలరు, పట్టువారు కలరు, సంతలో కొనువారును కలరు. అయినను పంచాయతీ పుస్తకములలో దానికొక పద్దు ఉండుట అరుదు. చెరువులోని చేపలను గూర్చి వేలము, గడువు, షరతులు ఉండును. ఎండ్రకాయను గూర్చి ఎవరును మాటలాడరు. కాని తగవు వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు పంచాయతీ ఎదుటికే వచ్చును. చేపల పాట పాడినవాడు ఎండ్రకాయలను పట్టు పేదలను అడ్డగింపవచ్చునా? గట్లు తొలుచుచున్నవని రైతు బొరియలలో పురుగుమందు పోసిన ఊరుకొనవచ్చునా? పట్టుబడి ఏటేట తగ్గిపోవుచున్న ఏమి చేయవలెను? ఈ మూడింటికిని సమాధానము చెప్పవలెనన్న ముందుగా ఆ ప్రాణి స్వభావము తెలియవలెను.

ఎండ్రకాయ స్వభావము

ప్రపంచమున మంచినీటిలో బ్రతుకు పీతజాతులు 1300కు పైగా కలవు. మన వరిమళ్లలోను చెరువులలోను విరివిగా దొరకు జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఓజియోటెల్ఫ్యూసా సెనెక్స్. 1798లో దీనిని శాస్త్రలోకమునకు పరిచయము చేసినవాడు డెన్మార్కు దేశపు పండితుడు ఫాబ్రీషియస్. సెనెక్స్ అనగా లాటిను భాషలో ముదుసలి యని అర్థము. దక్కను పీఠభూమిలో దీనికంటె పెద్దవగు బారిటెల్ఫ్యూసా జాతులు కూడ కలవు.

మన ఎండ్రకాయ డిప్ప వెడల్పు సుమారు 4, 5 సెంటీమీటర్లు. తూకము సుమారు 30 గ్రాములు. అనగా కిలోకు ముప్పదికి మించి తూగును. దీనికి పది కాళ్లు. ముందరి జత కొండ్లుగా మారి పట్టుటకు, చీల్చుటకు, పోరాడుటకు ఉపయోగపడును. డిప్ప క్రింద మొప్పలు కలవు; అవి తడిగ నున్నంతవరకు నీటి వెలుపల కూడ బ్రతుకగలదు. దీని రక్తములో ఇనుమునకు బదులు రాగి యుండుటచే గాలి తగిలినప్పుడు లేత నీలిరంగు కనబడును. చచ్చిన పురుగులు, నత్తలు, కుళ్లిన ఆకులు, లేత మొలకలు దీనికి ఆహారము. కావున చెరువును శుభ్రపరచు పనివారిలో ఇదియు నొకటి.

మగదానిని ఆడుదానిని గుర్తించుట సులభము. వెల్లకిల త్రిప్పి చూచిన పొట్టక్రింద మడచిన పట్టె యొకటి కనబడును. అది సన్నగా, కోసుగా నున్నచో మగది; వెడల్పుగా, గుండ్రముగా నున్నచో ఆడుది. ఈ చిన్న గుర్తు పంచాయతీ నియమములన్నిటికి మూలమని ముందు తెలియగలదు.

పైడిప్ప గట్టిది, పెరుగదు. అందుచే ఎండ్రకాయ పెరుగునప్పుడెల్ల పాతడిప్పను విడిచి క్రొత్తడిప్పను తొడుగుకొనవలెను. డిప్ప విడిచిన కొన్నాళ్లు దాని ఒడలు మెత్తగ నుండును, కొండ్లతో పోరాడలేదు. అప్పుడది బొరియలో దాగి యుండును. కంటికాడలలో పుట్టు రసములు ఈ డిప్పమార్పును అదుపులో నుంచునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున జంతుశాస్త్ర పరిశోధకులు అనేక సంవత్సరములుగా ఈ జాతి ఎండ్రకాయపైననే ప్రయోగములు చేసిరి. మన పొలముగట్టు ప్రాణి ఆ విధముగ ప్రపంచపు శాస్త్రపత్రికల కెక్కినది.

తల్లి పిల్లలను మోయును

సముద్రపు పీతకును చెరువు ఎండ్రకాయకును గల ముఖ్యభేదము సంతానమునందు కలదు. మండపీత ఒక్కసారి పది లక్షలకు మించి గ్రుడ్లు పెట్టగలదు. ఆ గ్రుడ్లనుండి వచ్చు సూక్ష్మమైన డింభకములు ఉప్పునీటిలో తేలియాడుచు అనేక రూపములు మారి తుదకు పీతలగును. వానిలో బ్రతుకునవి బహుస్వల్పము; కాని సంఖ్య గొప్పది కావున జాతి నిలుచును.

చెరువు ఎండ్రకాయ పద్ధతి వేరు. ఇది పెట్టు గ్రుడ్లు పదులలోనో వందలలోనో యుండును. అవి పెద్దవి. తల్లి వానిని పొట్టక్రింది పట్టెలో దాచుకొని మోయును. గ్రుడ్డులోనే రూపములన్నియు మారి, పగిలినప్పుడు చిన్నచిన్న ఎండ్రకాయలే వెలుపలికి వచ్చును. ఆ పిల్లలను కూడ తల్లి కొంతకాలము పట్టెక్రిందనే మోయును. దీనికి సముద్రముతో పని లేదు. ఊరి చెరువే పుట్టినిల్లు, పెరిగిన యిల్లు.

చైనాలో ఏటి పీతను చెరువులలోను వరిమళ్లలోను పెంచి ఏటా ఏడు లక్షల టన్నులకు పైగా పండించుచున్నారు. అయితే దాని పిల్లలు ఉప్పు కలిసిన నీటిలోనే పుట్టవలెను. తీరమందలి పొదుగుకేంద్రములు లక్షలకొలది పిల్లలను లోపలి గ్రామములకు సరఫరా చేయును. మన ఎండ్రకాయకు అట్టి కేంద్రములు ఎదురు చూడనక్కర లేదు. కాని ఒక తల్లి ఇచ్చు పిల్లలు కొద్ది, పెరుగుదల నెమ్మది, మాంసము తక్కువ. కావున ఇది విదేశములకు ఎగుమతి చేసి ధనము గడించు వ్యాపారము కాదని మొదటనే గ్రహింపవలెను. ఊరిలోను, దగ్గరి సంతలోను అమ్మి, వానకాలమున కొన్ని కుటుంబములు నాలుగు రూపాయలు కండ్లజూచు వ్యాపారమిది. పేదయింట సంగటి ప్రక్కకు మంచి పులుసు నిచ్చు ఆహారమిది. ఆ మేరకు దీని విలువ చిన్నది కాదు.

ఒక లెక్క చూడుడు. కిలో ఎండ్రకాయలలో ముప్పది మూడు తూగినవనుకొందము. వానిలో పది గ్రుడ్లతోనో పిల్లలతోనో ఉన్న తల్లులు, ఒక్కొక్క దానికి నూరు పిల్లలు అనుకొందము. ఆ ఒక్క కిలో సంచిలో వేయి పిల్లలు పోయినట్లు. ఆ పది తల్లులను నీటిలో విడిచిన ఆనాటి నష్టము 300 గ్రాములు మాత్రమే. పిల్లలలో పదవవంతు బ్రతికినను మరుసటి కాలములకు నూరు ఎండ్రకాయలు, అనగా మూడు కిలోల సరకు చెరువులో నిలుచును.

మెట్టసీమలో వాన, బొరియ

మన సీమలో సాలునకు కురియు వాన సుమారు 600 నుండి 700 మిల్లీమీటర్లు. వేసవిలో చెరువు లెండిపోవును. అప్పుడు ఎండ్రకాయ తడి తగులువరకు నేల తొలిచి, బొరియలో కదలక మెదలక కాలము గడుపును. తొలకరి పడినంతనే వెలుపలికి వచ్చును. ఆ దినములలో రాత్రివేళ లాంతరు పట్టుకొని పోయినవారికి గంపలకొలది దొరకును. పట్టుట సులభమైన ఆ కాలముననే జాతికి అపాయము ఎక్కువ. ఎండకు తట్టుకొని మిగిలినవి అవే కావున, రాబోవు సంతానమంతయు వానినుండియే రావలెను.

సుంకేసుల ఆనకట్టనుండి కడప వరకు సుమారు 300 కిలోమీటర్లు సాగు కె. సి. కాలువను 1860 ప్రాంతములలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు త్రవ్వించిరి. 1882లో ప్రభుత్వము దానిని కొన్నది. ఆ కాలువ క్రిందను, కుందూ, పెన్న, సగిలేరు లోయలలోను వరిసాగు ఉన్నంతమేర తడి యెక్కువ. అచ్చట బొరియలును ఎక్కువే.

కట్టకు చేటు, రైతు మొర

రైతు మొరను త్రోసిపుచ్చరాదు. ఎండ్రకాయ లేత వరినారును కత్తిరించును. గట్టును తొలిచి మడిలోని నీటిని క్రిందిమడికి జారవిడుచును. చెరువుకట్టలో బొరియలు పెరిగిన ఊట మొదలగును. పోరుమామిళ్ల చెరువు వద్ద గల శాసనము 1369 నాటిది. విజయనగర రాజకుమారుడగు భాస్కరుడు దినమునకు వేయిమంది కూలీలతో రెండేండ్లు శ్రమించి ఆ చెరువును కట్టించెనని అందు కలదు. మంచి చెరువునకు ఉండవలసిన పన్నెండు అంగములను, ఉండరాని ఆరు దోషములను కూడ ఆ శాసనము పేర్కొన్నది. ఆ దోషములలో నొకటి కట్టనుండి నీరు ఊరుట. ఆరువందల యేండ్లకు పూర్వమే మన కడప సీమవారు ఊటను దోషముగ ఎంచిరన్నమాట. కావున కట్టను కాపాడుట పంచాయతీకి మొదటి ధర్మము.

అయితే కట్టను కాపాడుటకు పురుగుమందు పోయుట మార్గము కాదు. బొరియలో మందు పోసిన ఎండ్రకాయ చచ్చును. బొరియ అట్లే యుండును. నీరు అట్లే కారును. పైగా ఆ మందు నీటిలో కలిసి చేపపిల్లలను, కప్పలను, నత్తలను చంపును. పశువులు ఆ నీరు త్రాగును. నరములను స్తంభింపజేయు ఆర్గానోఫాస్ఫేటు మందులు ఎండ్రకాయకు ప్రాణాంతకములని తిరుపతి ప్రయోగములు తెలిపినవి. అట్టి మందులలో కొన్నిటిని ప్రభుత్వమే తొలగించినది: 2018లో మిథైల్ పారాథియాన్ నిషేధింపబడినది, ఫోరేటు వంటివానికి 2020 చివర గడువు ముగిసినది. అంతకు ముందు 2011లో ఎండోసల్ఫానును సుప్రీంకోర్టు ఆపివేసినది. అంగటి మూలలో మిగిలిన పాతడబ్బా కూడ ఊరికి రాకుండ చూచుకొనవలెను.

అన్నిటికంటె భయంకరమైన సంగతి వేరొకటి కలదు. మందు తిని మత్తెక్కిన ఎండ్రకాయ పారలేదు. చేతికి సులభముగ చిక్కును. సంగతి తెలియని కూలివాని బిడ్డ దానిని ఏరి యింటికి తెచ్చును. కడిగినంతమాత్రమున ఆ విషము పోవునని నమ్మరాదు. రైతు పోసిన మందు పొరుగువాని కంచములోనికి పోవు త్రోవ ఇది.

మంచిమార్గమేమనగా, బొరియనుండి ఎండ్రకాయను పట్టి తీయుట, ఆ బొరియను తడిమట్టితో పూడ్చి దిమ్మిస చేయుట. ఎండ్రకాయలను పట్టువారికి బొరియల జాడ ఇంజనీరుకంటె బాగుగ తెలియును. అట్టివారిని కట్టకు శత్రువులుగ తరిమివేయక, కట్టకాపరులుగ చేసికొనవలెను. "పట్టినవాడు పూడ్చవలెను" అను ఒక్క నియమము రైతు మొరకును పేద బ్రతుకునకును సంధి కుదుర్చును. చెరువుకట్టపై గడ్డపారతో పెద్దగోతులు త్రవ్వుట మాత్రము ఎవరికిని తగదు. కొక్కెపు పుల్లతోనో, ఎర కట్టిన దారముతోనో, వెదురుబుట్టతోనో పట్టవలెను.

హక్కు ఎవరిది?

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణచే చేరిన పదునొకండవ షెడ్యూలులో 29 విషయములు కలవు. చిన్ననీటి వనరులు, మత్స్యపరిశ్రమ అందులో ఉన్నవి. చెరువును చేపలకు గుత్తకు ఇచ్చుటచే పంచాయతీకి ఆదాయము వచ్చును. ఆ ఆదాయముతో దీపములు వెలుగును, వీధులు బాగుపడును. ఇది మంచిదే. కాని గుత్తపత్రములో ఒక మాట లేకపోవుటచే తగవులు పుట్టుచున్నవి. గుత్తదారు తాను విడిచిన చేపపిల్లలకు యజమాని. ఎండ్రకాయను అతడు విడువలేదు, పెంచలేదు. అయినను ప్రత్యేకముగ వ్రాయనిచో చెరువులోని సమస్తము తనదే యని అతడు వాదింపవచ్చును.

ఎండ్రకాయలను పట్టువారు ఎవరు? పొలము పని లేని దినములలో కూలీలు, వృద్ధస్త్రీలు, బడి విడిచిన వేళ పిల్లలు. నెల్లూరు, చిత్తూరు సీమలతోబాటు కడపలో కూడ నివసించు యానాదులకు చేపలు, ఎండ్రకాయలు పట్టుట తాతలనాటి విద్య. వారికి పొలము లేదు. గుత్త పాడుటకు పైకము లేదు. గట్టున దొరకు ఈ కొద్ది జీవనమును కూడ వేలము వేసిన పంచాయతీకి వచ్చునది స్వల్పము. వారికి పోవునది పూట కూడు. పీత కష్టాలు పీతవి యని సామెత కలదు. పీతను పట్టువాని కష్టములు మాత్రము పంచాయతీవి కూడ.

దీనికి ఎదురువాదము కూడ కలదు. ఎవరుపడిన వారు చెరువులో దిగిన చేపలు దొంగిలింపబడునని గుత్తదారు భయపడును. ఆ భయము న్యాయమైనది. కావున గుత్తపత్రములో ఇట్లు వ్రాయుట మేలు: ఎండ్రకాయలు గుత్తలో చేరవు, ఊరి పేదకుటుంబములు గట్టుననుండి, వల లేకుండ, చేతితోను బుట్టతోను మాత్రము వానిని పట్టవచ్చును, పట్టువారి పేర్లు పంచాయతీ పుస్తకములో నుండును. ఇరువురికిని హద్దు తెలిసిన తగవుండదు.

చట్టము తోడు కూడ కలదు. 1897 నాటి భారత మత్స్యచట్టము నీటిలో విషము కలిపి గాని, మందుగుండు పేల్చి గాని చేపలను చంపుటను నేరముగ చేసినది. చేప యను మాటలో డిప్పగల జలచరములును చేరునని అందు వివరింపబడినది. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానికసంస్థకును జీవవైవిధ్య కమిటీ ఉండవలెను. ఊరి మొక్కలను జంతువులను ఒక పుస్తకములో నమోదు చేయుట దాని పని. ఆ పుస్తకములో ఎండ్రకాయకు ఒక పుట కేటాయింపుడు: ఏ చెరువులో దొరకును, ఏ నెలలో తల్లులు కనబడును, పదేండ్ల క్రిందట ఎంత దొరకెడిది, ఇప్పుడెంత దొరకుచున్నది. పెద్దలు చెప్పిన మాటలను వ్రాసికొన్నను అది రేపటి తీర్మానములకు ఆధారమగును.

అమ్మకము, వంట, ఆరోగ్యము

ఎండ్రకాయను ప్రాణముతోనే అమ్మవలెను. చచ్చినది త్వరగా చెడును. దానిని తూకములో కలుపరాదు. పట్టినవానిని తడిపిన గోనెసంచిలోనో, తడిగడ్డి పరచిన గంపలోనో నీడన ఉంచిన సంతవరకు బ్రతికి యుండును. బిందెలో నిండుగ నీరు పోసి క్రుక్కిన గాలి చాలక చచ్చును. ఒక్కొక్కరు రెండు కిలోలు మోసికొని పోవుటకంటె, పొదుపు సంఘపు స్త్రీలు కలిసి పోగుచేసి ఒకరిద్దరిచేత సంతకు పంపిన దారిఖర్చు తగ్గును. బేరమున బలము కలుగును. పరిమాణమును బట్టి వేరుచేసిన పెద్దవానికి మంచి ధర వచ్చును.

వంట విషయమున ఒక్క హెచ్చరిక మరువరాదు. మంచినీటి పీతలలో ఊపిరితిత్తులకు చేరు ఒక విధమగు పురుగు పిల్లలు ఉండవచ్చును. ఆ పురుగు మొదట నత్తలో, పిదప పీతలో పెరిగి, పచ్చిగానో సగము ఉడికియో తిన్న మనుష్యుని ఊపిరితిత్తులకు చేరును. దగ్గు, కఫములో రక్తము దాని లక్షణములు. క్షయవ్యాధియని పొరపడుటకు అవకాశము ఎక్కువ. మన దేశమున మణిపురము, నాగాలాండు, అరుణాచల ప్రదేశములలో ఈ వ్యాధి కనుగొనబడినది. బాగుగ ఉడికించిన ఈ భయము లేదు. నిప్పులపై పైపైన కాల్చి తినుట, పచ్చిరసమును మందుగ త్రాగుట మానవలెను. కోసిన కత్తిని, పీటను, చేతులను శుభ్రముగ కడుగవలెను. ఎండ్రకాయ తిన్న వెంటనే దద్దురులు గాని, ఆయాసము గాని కలుగువారు మరల తినక వైద్యునికి చూపుకొనవలెను.

పంచాయతీ తీర్మానమునకు ఆరు అంశములు

1. చెరువులో గాని, కాలువలో గాని, గట్ల బొరియలలో గాని పురుగుమందు వేయరాదు. మందు చల్లిన పొలమున పట్టిన ఎండ్రకాయలను తినరాదు, అమ్మరాదు.

2. గ్రుడ్లతోను పిల్లలతోను ఉన్న తల్లులను పట్టినచోటనే నీటిలో విడువవలెను. బొటనవ్రేలి గోరంత పిల్లలను తీయరాదు.

3. తొలకరి పడిన మొదటి రెండు వారములు పట్టుట ఆపివేయవలెను. తల్లులు ఎక్కువగ కనబడు నెల ఏదో ఊరి అనుభవమును బట్టి తెలిసికొని, ఆ కాలమున కూడ ఆపవలెను.

4. బొరియను తెరచినవారు పూడ్చవలెను. నెలకొకసారి సభ్యుడొకడు కట్టను నడచి చూడవలెను.

5. చేపల గుత్తపత్రములో ఎండ్రకాయలను మినహాయించి, పేదల హక్కును స్పష్టముగ వ్రాయవలెను.

6. ప్రతి చెరువునను ఒక మూలను వదలివేయవలెను. అచ్చట ఎవరును పట్టరాదు. విత్తనపు ధాన్యమును గాదెలో దాచుకొన్నట్లు అది రేపటి ఎండ్రకాయలకు నిలువ.

వీనిలో ధనవ్యయము కోరునది ఒక్కటియు లేదు. గ్రామసభలో చదివి వినిపించి, చేతులెత్తించి, దండోరా వేయించిన చాలును. ఒప్పుకొనని రైతుతో మొదట అతని గట్టును పూడ్చి యిచ్చి పిదప మాటలాడుడు. మాటకంటె పూడిన బొరియ నచ్చచెప్పగలదు.

వానకు మొగము వాచిన సీమలో నీరు నిలిచిన ప్రతిచోటు ఒక భాండాగారము. దానిలో చేపయే గాక ఎండ్రకాయయు నత్తయు కప్పయు కలవు. వానితో బ్రతుకు మనుష్యులును కలరు. చెరువునకు పూడిక తీయించునప్పుడును, కట్ట బలపరచునప్పుడును, గుత్త వేలము పెట్టునప్పుడును ఆ మనుష్యులను పిలిచి ఒక మాట అడుగుడు. రాబోవు తొలకరికి ముందే మీ పంచాయతీ సమావేశమున ఈ ఆరు అంశములను చర్చకు పెట్టుడు.